పావడాపూల మడిలో దొంగ

నా మడిలో ఎవరో దొంగతనంగా గడ్డి నాటుతున్నారని మొదటిసారి చెప్పినప్పుడు ఆంథోని నవ్వాడు. ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "గడ్డి కోస్కపోయే దొంగల్ని చూసిన గని, తెచ్చి నాటిపోయే దొంగ సంగతి ఇప్పుడే వింటున్న" అన్నాడు. మా ఆయన ఆర్టీసీ డ్రైవరు. భద్రాచలం నుంచి చర్లకు తిప్పే బస్సు ఆయనది. ఆ దారిలో రోజూ రెండు మూడు చోట్ల బస్సు ఆపించి, నక్సలైట్ల కోసమని పోలీసులు అందరి సంచులూ తిరగేస్తారు. అది రోజూ చూస్తూ కూడా ఆయనకు ఎవరిమీదా అనుమానం రాదు. ఆయన వాటా కూడా నాకే వచ్చింది. చక్కెర డబ్బా మూత కాస్త పక్కకు జరిగి ఉంటే, ఎవరు తీశారో తేలేదాకా నాకు అన్నం సహించదు.

నా పేరు సవరమ్మ. చర్లకు ఇవతల మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా సైన్సు చెప్పేదాన్ని. ఇది ఎనభై ఎనిమిది వానాకాలం సంగతి. ఇప్పుడు తలచుకున్నా ముఖం దాచుకోవాలనిపిస్తుంది, అయినా చెబుతాను.

ముందు ఆ పువ్వు గురించి చెప్పాలి. దాని అసలు పేరు నాకు ఇప్పటికీ తెలియదు. మోకాలెత్తు మొక్క, దారాల్లాంటి సన్నని ఆకులు, లేత గులాబీ రంగు పూలు. పువ్వును తిరగేసి పట్టుకుంటే చిన్నపిల్ల పావడాలా ఉంటుంది. మా అమ్మాయి లిదియా దాన్ని పావడాపువ్వు అంది, మా ఇంట్లో అదే పేరు స్థిరపడింది. వాగు అవతల గడ్డిబీడులో వానలు తగ్గాక పూసేవి. మా పిల్ల బడి నుంచి తిన్నగా ఇంటికి రాకుండా ఆ బీడు చుట్టూ తిరిగి, ఒడినిండా అవి కోసుకుని వచ్చేది. తొమ్మిదేళ్ళు నిండిన ఏడు, సరిగ్గా ఆ పూల రోజుల్లోనే, దాన్ని మలేరియా తీసుకుపోయింది. భద్రాచలం దవాఖానాకు ఆంథోని నడిపే బస్సులోనే తీసుకువెళ్ళాం. తిరిగి వచ్చేటప్పుడు ఆ బస్సు వేరే డ్రైవరు నడిపాడు.

ప్రతి ఏడూ నవంబరు రెండున మాకు సమాధుల పండుగ. మా క్యాథలిక్కులందరం ఆ రోజుకు సమాధులమీద గడ్డి గీకి, సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. సమాధిమీద గడ్డి ఉందంటే లోపల పడుకున్న మనిషిని అడిగే దిక్కు లేదని మావాళ్ళ లెక్క. మిగతావాళ్ళు ఏడాదికి ఒకసారి గీకుతారు. నేను నెలనెలా మొదటి శుక్రవారం వెళ్ళి, కొడవలితో అందనిది గోళ్ళతో పీకి వచ్చేదాన్ని. లిదియాది మట్టి సమాధి. చుట్టూ ఇటుకలు, తలవైపు కొయ్య సిలువ. పండుగనాడు దానిమీద బంతిపూలు పెట్టేదాన్ని కాదు, పావడాపూలు కట్టలుగా పరిచేదాన్ని. మొక్కలే వేళ్ళకు పైన కోసి తెచ్చేదాన్ని కాబట్టి పైన పూలు, కింద ఎండిన కాయలు అన్నీ కలిసే ఉండేవి.

ఆ పూలను ఇంట్లోనే పెంచుకోవాలని నా ఆశ. బడి నుంచి రాగానే కనబడాలి, ఇంకేమీ లేదు. మొదటి ఏడు నాలుగు మొక్కలు మట్టితో సహా తవ్వి తెచ్చి పెరట్లో పెట్టాను. మర్నాడు మధ్యాహ్నానికి తలలు వాల్చాయి. ఆంథోని స్నానం నీళ్ళు అటు పారి ఉంటాయని, ఆ సబ్బు నురుగే చంపిందని మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. రెండో ఏడు గింజలు చల్లాను. వేలెత్తు పెరిగి, పసుపు పచ్చబడి, ఒక్కొక్కటే పడిపోయాయి. పక్కింటి భద్రు కోళ్ళు గీరుతున్నాయని కంపకంచె కట్టించాను. భద్రు ఆ కంచెను చూసి, "కోళ్ళు నాకే గుడ్లు పెడ్తలేవు టీచరమ్మా, నీ మడికేం వస్తయి" అన్నాడు. ఆ మాటలో కూడా ఏదో ఉందనుకున్నాను. మూడో ఏడు మట్టి జల్లెడ పట్టి, పెంట ఎరువు కలిపి, కుండీల్లో వేశాను. అవి అన్నిటికంటే ముందు పోయాయి. ఎరువు ఇచ్చిన మనిషి ఈనాటికీ నన్ను చూస్తే పక్క సందులోకి తిరుగుతాడు.

ఇంత జరిగినా నాకు బీడు ఉందన్న ధైర్యం ఉండేది. ఎనభై ఎనిమిది ఎండాకాలంలో ఆ ధైర్యం కూడా పోయింది. ట్రాక్టర్లు వచ్చి బీడంతా దున్ని జామాయిల్ మొక్కలు పెట్టాయి. ఇక నా దగ్గర మిగిలింది టానిక్ సీసాలో దాచిన గింజలు మాత్రమే, అదీ సీసా అడుగున బొటనవేలు మందం. ఈసారి కూడా పోతే మళ్ళీ లిదియాకు ఆ పువ్వు లేదు. తొలకరి పడగానే సీసా మొత్తం మడిలో ఒంపేశాను. ప్రార్థన కూడా చేశాను. ఆదివారం గుడిలో చేసేదానికంటే శ్రద్ధగానే చేశాను.

నలభై మూడు మొలకలు వచ్చాయి. వాటితోపాటు ఊళ్ళో ఉన్న గడ్డంతా వచ్చింది.

కలుపు తీయడానికి హేమ్లిని పిలిచాను. హేమ్లిది వాగు ఒడ్డున తండా. నలభై ఏళ్ళుంటాయి. అడవి నుంచి కట్టెలు, పండ్లు, కూరలు తెచ్చి అమ్మేది, పిలిస్తే కూలికి వచ్చేది. లిదియా ఉన్నప్పుడు తునికిపండ్లు పిల్లకు ఒక దోసెడు ఊరికే పోసి, అప్పుడు నాకు అమ్మేది. ఆ రోజు మడి దగ్గర కూర్చుని, మొలకను రెండు వేళ్ళతో మెల్లగా నిమిరి చూసింది.

"ఈడ గడ్డి ఉండనియ్యి టీచరమ్మా" అంది. "గడ్డి పీకితే ఇది బత్కది."

"గడ్డి పీకడానికి పిలిస్తే గడ్డి ఉండనియ్యమంటవేందే?"

"పీకనంటలేను. పెరడంత పీకుత. ఈ మడి ఒక్కటి ఒద్దు. బీడుల గడ్డి నడుమనే గద ఇది లేస్తది."

నాకు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. కూలి తీసుకునే మనిషి పని తగ్గించుకోవడానికి ఎన్ని శాస్త్రాలు చెబుతుందో చూడమనిపించింది. పైగా సైన్సు టీచరుకు. గడ్డి మొక్క తిండి లాగేసుకుంటుందని ఐదో తరగతి పిల్లలకు కూడా తెలుసు. "నీకెంత తెలుసో నాకు తెలుసు గని, పీకు" అన్నాను. పీకింది. వెనక నిలబడి చూశాను. పైన ఆకు తెంపి, వేరు నేలలోనే వదిలేస్తోంది. పట్టుకున్నాను. తిట్టాను. ఆమెను పంపేసి నేనే కూర్చుని, చీకటి పడేదాకా వేళ్ళతో సహా మొత్తం లాగేశాను. మడి నున్నగా, నా మనసుకు నచ్చినట్టు తయారైంది.

వారం తిరక్కుండా మొక్కలు తగ్గడం మొదలైంది. రోజూ పొద్దున లెక్కపెట్టేదాన్ని. నలభై మూడు ముప్పై ఆరు అయ్యాయి. ముప్పై ఆరు ఇరవై ఎనిమిది అయ్యాయి. అదే సమయంలో ఇంకొకటి గమనించాను. కంచె పక్క మూలలో నేను ముందురోజు గీకిన చోట పొద్దుటికల్లా గడ్డి నిలబడి ఉంటోంది. మొలిచిన గడ్డి కాదు, జానెడు గడ్డి. చుట్టూ మట్టి తడిగా, వేళ్ళతో అదిమిన గుర్తులతో ఉంది. పీకి పారేశాను. రెండు రోజుల తర్వాత మళ్ళీ ఉంది. మళ్ళీ పీకాను. మళ్ళీ వచ్చింది. కంచెలో ఒకచోట కంప పక్కకు జరిపి ఉంది, మనిషి ఒంగి దూరేంత.

ఆంథోనితో చెప్పింది అప్పుడే. ఆయన నవ్వాక నేను ఇంకెవరికీ చెప్పలేదు. కాపలా మొదలుపెట్టాను. బడిలో ఇంటర్వెల్ కొట్టగానే ఇంటికి పరుగెత్తుకు వచ్చి ఒకసారి చూసి పోయేదాన్ని. ఆ నెల మొదటి శుక్రవారం సమాధుల తోటకు వెళ్ళలేదు. అటు వెళ్తే ఇటు దొంగ వస్తాడని భయం. పై నెల కూడా వెళ్ళలేదు. ఆ రోజుల్లోనే ఏడో తరగతికి కస్కుటా పాఠం చెప్పాను. ఇంకో మొక్కలోకి వేరు దించి తిండి తీసుకునే మొక్కలు ఉంటాయని బోర్డుమీద రంగు సుద్దలతో బొమ్మ గీశాను. బాగా గీశానని హెడ్‌మాస్టరు మెచ్చుకున్నారు. పాఠం చెబుతున్నంతసేపూ నా కళ్ళు కిటికీలోంచి మా ఇంటివైపే ఉన్నాయి.

ఆగస్టు నెలాఖరులో పట్టుకున్నాను. తెల్లవారుతుండగా స్నానాల తడిక వెనక నిలబడ్డాను. కంప కదిలింది. హేమ్లి ఒంగి లోపలికి వచ్చి, కొంగులోంచి మట్టితో ఉన్న గడ్డిపెళ్ళ తీసి, నా మొక్క పక్కన వేలితో గుంట చేసి కూర్చోబెడుతోంది. ఎంత నెమ్మదిగా పెడుతోందంటే, చంటిబిడ్డను పడుకోబెడుతున్నట్టుంది.

"ఏం జేస్తున్నవే?" అని అరిచాను.

బెదిరి లేచింది కానీ పారిపోలేదు. "గడ్డి పెడ్తున్న టీచరమ్మా. చెప్తే ఇనకపోతివి. దీని పక్కన గడ్డి లేకుంటే ఇది బత్కది. నువ్వు పీకినకొద్ది చస్తున్నయ్. ఈ మూల జూడు."

మూల చూశాను. మడి అంతా మిగిలినవి బొటనవేలెత్తు పసుపు పచ్చని కాడలు. ఆ మూల ఉన్న మూడు మాత్రం మూరెత్తున పచ్చగా ఉన్నాయి. కళ్ళు ఉన్నవాళ్ళకు అక్కడే అర్థం కావాలి. నా కళ్ళకు వేరేగా కనబడింది. ఈ మూడింటినే ఎందుకు సాకుతోంది? తర్వాత ఎత్తుకుపోవడానికి. మిగతావి చస్తే ఏం, తనకు కావలసింది మూడే. గడ్డి వాటిని దాచడానికి.

"పాపకు ఇష్టమైన పువ్వు గదా" అంది హేమ్లి మెల్లగా. "పండుగ నాటికి పూయాలె గదా."

"నా బిడ్డ పేరు తియ్యకు" అన్నాను. ఆ మాటను కూడా నేను నటన అనుకున్నాను. ఇంకోసారి నా పెరట్లో కాలు పెడితే పోలీసు క్యాంపుకు పోయి చెబుతానన్నాను. మా వైపు ఆ మాట ఎంత బరువైనదో తెలిసే అన్నాను. హేమ్లి ముఖం వాడిపోయింది. వచ్చిన దారినే ఒంగి వెళ్ళిపోయింది. నేను మూలలో గడ్డంతా వేళ్ళతో సహా లాగి కంచె అవతల పారేశాను. ఆ వేళ్ళకు ఏవేవో సన్నని తెల్లని పోగులు చుట్టుకుని వచ్చాయి. ఆగి చూడలేదు.

సెప్టెంబరులో రేంజర్ క్వార్టర్స్‌కు వెళ్ళవలసి వచ్చింది. పిల్లలను అడవి చూపించడానికి తీసుకుపోవాలంటే రేంజరుగారి అనుమతి కావాలి. ఆయన లేరు. ఆయన భార్య నిర్మలాదేవి కాఫీ తాగి పొమ్మని కూర్చోబెట్టింది. సత్తుపల్లి వైపు మనిషి, చల్లగా మాట్లాడుతుంది. తోటపని అంటే ఆమెకు బద్ధకం. పెరడంతా నడుమెత్తు గడ్డి. కాఫీ గ్లాసు పట్టుకుని అటు చూశాను. బావి వెనక గడ్డిలో గులాబీ రంగు కనబడింది. పావడాపూలు. ఏడెనిమిది మొక్కలు, నిండుగా పూసి ఉన్నాయి.

నా చేతిలో గ్లాసు ఒరిగి కాఫీ చీరమీద పడింది. "అవి ఎక్కడివండి?" అన్నాను.

"హేమ్లి తెచ్చిందండి టీచరుగారూ. శ్రావణమాసంలో. అడవిలో ఎక్కడో లోపల ఇంకా ఉన్నాయట. గడ్డితో సహా ఇంత మట్టిపెళ్ళ తెచ్చి పాతింది. ఆ గడ్డి తీసెయ్యవే, చూడ్డానికి బాలేదు అంటే వద్దమ్మా అంది. నాకూ ఓపిక లేదు కదండీ, వదిలేశాను."

నాకు వినబడింది మొదటి రెండు ముక్కలే. హేమ్లి తెచ్చింది. శ్రావణంలో. నా మొలకలు తగ్గిన రోజులు సరిగ్గా అవే. లెక్క సరిపోయింది. నా బిడ్డ పూలు తెచ్చి రేంజరు పెళ్ళాం పెరట్లో పెట్టింది, నా మడిలో గడ్డి నాటి నన్ను పిచ్చిదాన్ని చేసింది. దారంతా నాలో నేను మాట్లాడుకుంటూ ఇంటికి వచ్చాను. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి అన్నం బాగా తిన్నాను. అనుమానం నిజమైతే నాకు అంత ఆకలి వేస్తుంది.

మంగళవారం మా ఊరి సంత. హేమ్లి ఎప్పటిలాగే మధ్యలో, బట్టల దుకాణాల ఎదుట, గోనెసంచి పరుచుకుని బోడకాకరకాయలు పెట్టుకుని కూర్చుంది. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు ఏరుకుంటున్నారు. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"దొంగతనం ఎన్నాళ్ళ నుంచి జేస్తున్నవే హేమ్లీ?" అన్నాను. నలభైమంది పిల్లల మీద అరిచే గొంతు నాది. సంత సగం తిరిగి చూసింది. "కంచె దూరి చచ్చిన పిల్ల పూలు ఎత్కపోయినవ్. ఎత్కపోయి దొరసాని పెరట్ల పెట్టినవ్. దొంగదానా!"

హేమ్లి నా వైపు చూసింది. "నేను దొంగతనం జెయ్యలె టీచరమ్మా" అంది. అంతే, ఒక్కసారే అంది. నేను ఇంకా ఏవేవో అన్నాను. ఏరుకుంటున్న ఆడవాళ్ళు చేతిలో కాయలు తిరిగి కుప్పలో పెట్టేసి పక్క గంపల వైపు జరిగారు. ఊళ్ళో టీచరు మాటంటే మాటే. హేమ్లి గోనెసంచి నాలుగు మూలలూ దగ్గరకు లాగి మూటకట్టుకుని లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ ఆమెను పెరటి పనికి పిలవలేదు. సంతలో కూడా మధ్యలో కూర్చోనివ్వలేదు. ఎండుచేపలు అమ్మే చివర, మురుగు పక్కన ఆమె గోనెసంచి కనబడేది. అది చూసినప్పుడు నాకు న్యాయం జరిగినట్టే ఉండేది.

దసరా నాటికి నా మడిలో ఒక్క మొక్క లేదు. ఆ మూలలో మూరెత్తు పెరిగిన మూడూ గడ్డి పీకిన నాలుగో రోజు నుంచే వాడడం మొదలుపెట్టి, ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. మడి మాత్రం శుభ్రంగా ఉంది. చీపురుతో ఊడిస్తే ఊడ్చుకోవచ్చు. హేమ్లి ఏదో చేసిందనుకున్నాను. దారిన పోతూ మందు చల్లిందేమో, మట్టి తీసుకుపోయి ఏదైనా చేయించిందేమో అనుకున్నాను. పొద్దున ప్రార్థన చేసి మధ్యాహ్నం ఇలాంటివి నమ్మే మనుషులు ఉంటారు. నేను ఒకదాన్ని.

ఒక సాయంత్రం ఆంథోని డ్యూటీ దిగి వచ్చి, ఖాళీ మడి ముందు కూర్చున్న నన్ను చూశాడు. చెప్పులు విడిచి పక్కన కూర్చున్నాడు. "వానలు పడ్డకాడ్నుంచి నువ్వు ఒక్కపారి గూడ పాప కాడికి పోలె" అన్నాడు.

"ఈడ కాపలా ఎవరు కాస్తరు?"

"ఇప్పుడేమున్నదని కాస్తున్నవ్?"

ఏడుపొచ్చింది. ఐదు నెలలు. నెలనెలా వెళ్ళేదాన్ని, ఒక గడ్డి దొంగను పట్టుకోవడానికి నా బిడ్డను ఒంటరిగా వదిలేశాను. సిగ్గుతో మళ్ళీ వెళ్ళలేకపోయాను. పండుగ నాడే వెళ్దాం, అన్నీ ఒకేసారి శుభ్రం చేద్దాం అనుకున్నాను.

నవంబరు రెండున పొద్దున్నే బయలుదేరాం. ఆంథోని చేతిలో సున్నం బకెట్టు. నా చేతిలో పార, భద్రాచలం నుంచి ఆయన తెచ్చిన బంతిపూల సంచి. ఆ సంచి పట్టుకోవడమే నాకు అవమానంగా ఉంది. సమాధుల తోటలో అప్పటికే సందడిగా ఉంది. గీకుడు చప్పుళ్ళు, సున్నం వాసన, పిల్లల అరుపులు. అన్ని సమాధులూ తెల్లగా నున్నగా అయిపోతున్నాయి. మా లిదియాది దూరం నుంచే తెలిసిపోయింది. మోకాలెత్తు గడ్డి. సిలువ సగం మునిగిపోయింది.

నలుగురూ చూస్తారన్న భయంతో గబగబా వెళ్ళి పార ఎత్తాను. ఎత్తిన పార అలాగే ఆగింది.

గడ్డి నిండా పావడాపూలు. సిలువ పాదం నుంచి కాళ్ళవైపు ఇటుకల దాకా, ఎక్కడ గడ్డి ఉంటే అక్కడ, గడ్డిలోంచే లేచి పూసి ఉన్నాయి. గాలికి గడ్డితోపాటు ఊగుతున్నాయి. ఆంథోని బకెట్టు కింద పెట్టి, "ఇవి ఎవరు పెట్టిన్రు?" అన్నాడు. నేను కూడా మొదట అదే అనుకున్నాను. అలవాటు కదా. ఎవరు వచ్చారు, ఎవరు నాటారు, ఎందుకు నాటారు అని మోకాళ్ళమీద కూర్చుని చుట్టూ వెతికాను. అడుగు జాడ లేదు, వేళ్ళతో అదిమిన మట్టి లేదు. అప్పుడు గుర్తొచ్చింది. పోయిన పండుగకు నేనే పరిచాను, ఎండిన కాయలతో సహా. అంతకు ముందు ఏడూ నేనే పరిచాను, దానికి ముందు ఏడు కూడా. రాలిన గింజ ఏటా మొలిచే ఉంటుంది. ఏటా నేనే నెలనెలా వచ్చి, గోళ్ళు పెట్టి, గడ్డితో సహా గీకి పారేశాను. ఈ ఏడు ఒక్కటే రాలేదు.

చివర ఉన్న చిన్న మొక్కను పారతో మెల్లగా లేపాను. పక్కనున్న గడ్డి దుబ్బు కూడా దాంతోపాటే లేచి వచ్చింది. మట్టి దులిపాను. పావడామొక్క వేళ్ళు సన్నగా, తెల్లగా వెళ్ళి గడ్డి వేళ్ళను పట్టుకుని ఉన్నాయి. పట్టుకున్న చోటల్లా చిన్న చిన్న బుడిపెలు. లాగితే విడిపోలేదు, తెగిపోయాయి. బోర్డుమీద రంగు సుద్దలతో నేను గీసిన బొమ్మే అది. కస్కుటా పైన చేసే పని ఇది నేల కింద చేస్తోంది. ఎవరూ చదువు చెప్పని హేమ్లి నాకు తొలిరోజే చెప్పింది. నిర్మలాదేవి పెరట్లో నడుమెత్తు గడ్డి, నా మడి మూలలో పచ్చగా నిలిచిన మూడు మొక్కలు, చుట్టూ తడి మట్టి, అన్నీ ఒకేసారి కళ్ళముందుకు వచ్చాయి. గడ్డి తెచ్చి నాటిపోయే దొంగ. నా బిడ్డకోసం మళ్ళీ మళ్ళీ చీకటితో లేచి, వాగు దాటి వచ్చి, కంప గీరుకుంటూ దూరిన మనిషి. ఆమెను నేను సంత నడిమధ్య నిలబెట్టాను. అక్కడే కూలబడి గట్టిగా ఏడ్చాను.

మా గుడి ఉపదేశి ఆరోగ్యం పార భుజాన వేసుకుని వచ్చాడు. పండుగ పనులన్నీ చూసే పెద్దమనిషి. "ఏంది టీచరమ్మా, పిల్ల సమాధి గిట్ల ఒదిలేసినవ్?" అన్నాడు. "ఫాదర్ వచ్చే యాళ్ళయింది. నువ్వు జరుగు, జల్దీ గీకేస్త."

"ముట్టకు!" అని సమాధికి అడ్డంగా చేతులు చాపాను.

ఆరోగ్యం నన్నూ ఆంథోనినీ మార్చి మార్చి చూశాడు. ఆంథోని సున్నం బకెట్టు తీసుకుని, గడ్డికి తగలకుండా చుట్టూ ఇటుకలకు మాత్రం సున్నం వేయడం మొదలుపెట్టాడు. ఫాదర్ వచ్చి ఆ గడ్డిమీదే తీర్థం చల్లాడు. చుట్టుపక్కల సమాధుల దగ్గర ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. టీచరమ్మకు మతి తప్పిందని ఒకరు, మొగుడు పెళ్ళాలకు పడటం లేదేమో, పిల్లను కూడా పట్టించుకోవడం లేదని ఒకరు. వాళ్ళ చూపులు నాకు తెలుసు. అవి నా చూపులే.

వచ్చే మంగళవారం దాకా ఆగడం కష్టమైంది. రెండుసార్లు తండావైపు బయలుదేరి వాగు దగ్గర నుంచి తిరిగి వచ్చాను. తండాలో మెల్లగా చెప్పి వస్తే సరిపోదని నాకు తెలుసు. దొంగ అన్నది సంతలో.

మంగళవారం సంతకు వెళ్ళాను. ఎండుచేపల చివర, మురుగు పక్కన హేమ్లి సీతాఫలాలు పెట్టుకుని కూర్చుంది. ఎవరూ ఏరడం లేదు. నన్ను చూసి గోనెసంచి మూలలు దగ్గరకు లాక్కుంది, మూట కట్టుకుని లేవడానికన్నట్టు. నేను ఎదురుగా కూర్చున్నాను.

"హేమ్లీ, నువ్వు దొంగవు కాదు. తప్పు నాది. నువ్వు చెప్పిందే నిజం" అన్నాను. పక్క గంపలవాళ్ళకు కూడా వినబడలేదు.

హేమ్లి తల ఎత్తలేదు. ఒక సీతాఫలం చేతిలోకి తీసుకుని, దుమ్ము తుడిచి, మళ్ళీ కింద పెట్టింది.

"ఆ దినం ఇంకా గట్టిగ అన్నవ్ టీచరమ్మా" అంది.

నేను లేచి నిలబడ్డాను. బట్టల దుకాణాల వైపు తిరిగాను. నలభైమంది పిల్లల మీద అరిచే గొంతుతో, హేమ్లి దొంగ కాదని, నా పూలు చంపింది నేనేనని, బతికించాలని చూసింది ఈమేనని అరిచాను. సంత సగం తిరిగి చూసింది. చేపలమ్మే మనిషి తక్కెడ ఆపేసింది. ఒకసారి చాలదనిపించి రెండోసారి కూడా అరిచాను.

కూర్చునేసరికి హేమ్లి గోనెసంచి మూలలు వదిలేసి ఉంది. ముఖం ఇంకా గట్టిగానే ఉంది. నా వైపు చూడకుండానే అడిగింది.

"పాప కాడ గడ్డి ఉన్నదా?"

"ఉన్నది" అన్నాను. "పీకలేదు."